ప్రార్థనలో స్వస్థత పొంది, మనోవ్యాధులకు ఆసుపత్రి పెట్టిన స్టాన్లీ జోన్స్



ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చెప్పే సమయం వచ్చినప్పుడు మన బొగ్గుగని సంఘాల్లో ఏమేం వినిపిస్తాయో మనందరికీ తెలుసు. బాయిలో దెబ్బ తగిలిన కాలు, షుగరు, బీపీ, కొడుకు డిపెండెంట్ ఉద్యోగం, బిడ్డ పెళ్లి, తీరని అప్పు. ఇవన్నీ ధైర్యంగా చెబుతాం. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదని, ఏ కారణం లేకుండానే గుండె దడదడలాడుతోందని, అసలు బతకాలనే అనిపించడం లేదని చెప్పేవారు మాత్రం చాలా అరుదు. చెబితే విశ్వాసం తగ్గిందంటారేమో, దయ్యం పట్టిందంటారేమో, ఎర్రగడ్డ పేరెత్తి నవ్వుతారేమో అన్న భయం నోరు నొక్కేస్తుంది. రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, ఎక్కడైనా ఇదే మౌనం.

ఈ మౌనాన్ని గూర్చి ఆలోచించడానికి ఒక దైవజనుని జీవితం మనకు సహాయపడుతుంది. ఆయన పేరు ఈ. స్టాన్లీ జోన్స్. ఇరవయ్యో శతాబ్దంలో మన దేశంలో పరిచర్య చేసిన మిషనరీల్లో బాగా పేరున్నవారిలో ఒకరు. ఆయన స్వయంగా నరాల బలహీనతతో, మానసిక అలసటతో పదే పదే కుప్పకూలారు. చివరకు ప్రార్థనలో లేచారు. అలా లేచిన వ్యక్తి, తరువాత లక్నోలో మనోవ్యాధులకు వైద్యం చేసే ఆసుపత్రిని స్థాపించారు. ప్రార్థన చాలు, డాక్టరు ఎందుకు అని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉండాలి. ఆయన ఆ మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలుసుకోవడం మన సంఘాలకు మేలు.

లక్నోకు వచ్చిన యువకుడు

స్టాన్లీ జోన్స్ గారు 1884 జనవరి 3న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టారు. పదిహేడేళ్ల వయసులో బాల్టిమోర్‌లోని ఒక మెథడిస్టు సంఘంలో మారుమనస్సు పొందారు. కెంటకీ రాష్ట్రంలోని ఆస్‌బరీ కాలేజీలో చదివారు. 1907లో, ఇరవై మూడేళ్ల వయసులో, మెథడిస్టు మిషన్ వారు ఆయనను భారతదేశానికి పంపారు. లక్నో నగరంలో లాల్‌బాగ్ మెథడిస్టు సంఘానికి కాపరిగా ఆయన పరిచర్య మొదలైంది. అది ఇంగ్లీషు మాట్లాడేవారి సంఘం. ఆయన మాత్రం అక్కడితో ఆగక, స్థానిక భాష నేర్చుకుంటూ, ఊళ్లు తిరుగుతూ, ఒకదాని మీద ఒకటిగా బాధ్యతలు నెత్తికెత్తుకున్నారు.

1911లో మేబెల్ లాసింగ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆమె లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కాలేజీలో అధ్యాపకురాలు. పెళ్లయిన తరువాత సీతాపూర్‌కు వెళ్లి, అక్కడ అబ్బాయిల బడిని ఏళ్ల తరబడి నడిపారు. వారికి ఒకే కుమార్తె, యూనిస్. భర్త నెలల తరబడి ప్రయాణాల్లో ఉంటే ఇల్లూ బడీ మోసింది మేబెల్ అమ్మగారే. సేవకుల గురించి చెప్పుకునేటప్పుడు వారి ఇంట్లో ఆ బరువు ఎవరు మోశారో కూడా చెప్పుకోవడం న్యాయం.

కుప్పకూలిన సేవకుడు

ఎనిమిదేళ్లు దాటేసరికి ఆయన శరీరం, మనసు రెండూ మొరాయించాయి. పలుమార్లు నరాలు కూలిపోయాయి. విశ్రాంతి కోసం మిషన్ వారు ఆయనను అమెరికాకు పంపించారు. వెళ్లే ఓడలోనే, ఆదివారం ఆరాధనలో వాక్యం చెబుతూ మళ్లీ కూలిపోయారు. స్వదేశంలో ఏడాదికి పైగా ఉండి, బాగైందనుకుని తిరుగు ప్రయాణమయ్యారు. దారిలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో విద్యార్థుల కూటాల్లో మాట్లాడారు. కూటాలు బ్రహ్మాండంగా జరిగాయి. ఆయన మాత్రం మళ్లీ పడిపోయారు. భారతదేశం చేరాక కొండల మీద చల్లని చోట విశ్రాంతి తీసుకోవడం, మైదానాలకు దిగి పని మొదలుపెట్టడం, మళ్లీ కూలి కొండలకు వెళ్లడం, ఇదే వరుస.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయనకు విశ్వాసం లేక ఇలా జరిగిందా? ప్రార్థన తక్కువై జరిగిందా? కూటాల్లో వందలమంది మారుమనస్సు పొందుతున్నప్పుడే మాట్లాడేవాడి లోపల అంతా కూలిపోతోంది. చుట్టూ ఉన్నవారికి కనబడేది ఫలం. లోపల జరుగుతున్నది ఆయనకూ దేవునికే తెలుసు. ఇక మిషనరీ పని వదిలిపెట్టి, స్వదేశం వెళ్లి ఎక్కడో పొలంలో పని చేసుకుంటూ ఆరోగ్యం కాపాడుకోవలసిందేనని ఆయన తీర్మానానికి వచ్చేశారు.

లక్నోలో ఆ రాత్రి

1917 ప్రాంతంలో లక్నోలో కొన్ని కూటాలు జరుగుతున్నాయి. ఒక రాత్రి ఆయన ప్రార్థనలో ఉన్నారు. తన గురించి ప్రత్యేకంగా ఏమీ అడగడం లేదు. అప్పుడు తన అంతరంగంలో దేవుడు తనను ఒక ప్రశ్న అడుగుతున్నట్టు ఆయనకు స్పష్టమైంది: నేను పిలిచిన పనికి నీవు సిద్ధమేనా అని. ఆయన దాచలేదు. నా పని అయిపోయింది, నా దగ్గర ఇక శక్తి లేదు అని ఒప్పుకున్నారు. ఆ భారాన్ని నా మీద వేసి దాని గురించి చింతించడం మానితే నేను చూసుకుంటాను అన్నది ఆయనకు అందిన జవాబు. ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు కాళ్లు నేలకు ఆనుతున్నట్టు అనిపించలేదని, ఆ తరువాత చాలా ఏళ్లు అలసట లేకుండా పనిచేశానని 1925లో తన పుస్తకంలో రాసుకున్నారు.

ఆ పుస్తకం పేరు ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. పాశ్చాత్య దుస్తుల్లో కాక ఈ దేశపు దారుల్లో నడిచే క్రీస్తును చూపించాలన్నది దాని సారం. గాంధీజీతోనూ రవీంద్రనాథ్ ఠాగూర్‌తోనూ ఆయనకు స్నేహం కుదిరింది. 1928లో మెథడిస్టు సంఘం ఆయనను బిషప్పుగా ఎన్నుకుంది. అభిషేకం జరగకముందే ఆ పదవిని వదులుకుని సువార్తికునిగానే ఉండిపోయారు. తన శక్తి ఎంతో, తనకు అప్పగించిన పని ఏదో అప్పటికి ఆయనకు బాగా తెలుసు.

తెరచిన హృదయాల ఉదయం

1930లో ఆయన కుమావూ కొండల్లో, నైనీతాల్ దగ్గర సత్‌తాల్ అనే చోట క్రైస్తవ ఆశ్రమాన్ని మొదలుపెట్టారు. అక్కడి పద్ధతులు రెండు మనం గుర్తుపెట్టుకోదగినవి.

మొదటిది, వారంలో ఒక రోజు పాకీ పనివానికి సెలవు. ఆ రోజు ఆశ్రమంలో ఉన్నవారే, చదువు, కులం, దేశం చూడకుండా, వంతులవారీగా మరుగుదొడ్లు కడిగేవారు. రెండోది, ఆశ్రమ కూటాలు మొదలయ్యేటప్పుడు హృదయాలు తెరచుకునే సమయం. ఎందుకు వచ్చారు, ఏమి కోరుతున్నారు, నిజంగా మీకు ఏమి అవసరం అన్న మూడు ప్రశ్నలకు ఒక్కొక్కరూ జవాబు చెప్పేవారు. బిషప్పు అయినా, రైతు అయినా, విద్యార్థి అయినా అందరూ చెప్పాలి. ఎవరూ ఎవరికీ బోధ చేయకూడదు, వినాలి. ఇవాళ మానసిక వైద్యంలో గ్రూప్ థెరపీ అని పిలిచే పద్ధతికి ఇది చాలా దగ్గర. చుట్టూ ఉన్న పదిమందీ తమ బలహీనతను ఒప్పుకుంటున్నప్పుడు మన బలహీనతను చెప్పుకోవడం తేలికవుతుంది. పైకి బలంగా కనబడవలసిన అవసరం అక్కడ లేదు.

దేశమంతా తిరుగుతున్నప్పుడు కూటం ముగిశాక ఎందరో ఆయన కోసం ఆగేవారు. భయం, పగ, అపరాధ భావం, నిద్రలేమి, కుటుంబ కలహం మోసుకొని వచ్చేవారు. వారి మాటలు వినడానికి ఆయన మనస్తత్వ శాస్త్రం చదివారు. ఫ్రాయిడ్, ఆడ్లర్, యూంగ్ వంటివారి ఆలోచనలను పరిశీలించి, తన విశ్వాసంతో కలిసేది తీసుకుని, కలవనిది వదిలేశారు. 1942లో వచ్చిన ఆయన పుస్తకం అబండెంట్ లివింగ్ రోజుకొక పేజీ చొప్పున ఈ సమస్యలనే ఎత్తుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, మన స్వాతంత్ర్యానికి మద్దతు పలికారన్న కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఈ దేశానికి తిరిగి రానివ్వలేదు. యుద్ధం ముగిశాకే మళ్లీ ఇక్కడికి రాగలిగారు.

వెలుగు ఇల్లు

1950లో లక్నోలోని లాల్‌బాగ్‌లోనే, అంటే నలభై మూడేళ్ల క్రితం తాను కాపరిగా అడుగుపెట్టిన పేటలోనే, నూర్ మంజిల్ ప్రారంభమైంది. ఉర్దూలో నూర్ అంటే వెలుగు, మంజిల్ అంటే ఇల్లు. ఇది మన దేశంలో మొదటి క్రైస్తవ మానసిక వైద్యశాల. పుస్తకాల మీద వచ్చే సొమ్మును పరిచర్యలకే ఇచ్చేసే అలవాటున్న స్టాన్లీ జోన్స్ గారు దీనికి కావలసిన నిధులు సమకూర్చారు. శిక్షణ పొందిన డాక్టర్లను పిలిపించారు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మనోవైద్యురాలు ఎర్నా హోఖ్ 1950ల నుంచి చాలా సంవత్సరాలు అక్కడ పనిచేశారు.

అక్కడి ఆలోచన సూటిగా ఉండేది. మనిషికి శరీరం, మనసు, ఆత్మ ఉన్నాయి. శరీరానికి మందు కావాలంటే డాక్టరు ఇస్తారు. మనసులో ముడి పడితే శిక్షణ పొందిన సలహాదారుడు విప్పడానికి సహాయపడతారు. దేవునితో సమాధానం కావాలంటే చాప్లిన్ ఉన్నారు. ముగ్గురూ ఒకరి మాట ఒకరు వింటారు. ఒకరి పని ఇంకొకరు లాక్కోరు.

ఈ దారి తొక్కినవారు ఆయన ఒక్కరే కాదు. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే సేవకుడు 1920లో మనోవ్యాధితో ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక మానసిక ఆసుపత్రిలోనే చాప్లిన్‌గా చేరి, 1925 నుంచి వేదాంత విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకువెళ్లి నేర్పించారు. పుస్తకాలను చదివినంత శ్రద్ధగా బాధపడుతున్న మనుషులను చదవాలన్నది ఆయన బోధ. కార్ల్ రోజర్స్ మొదట న్యూయార్క్‌లో వేదాంత కళాశాలలో చేరి, తరువాత మనస్తత్వ శాస్త్రానికి మారారు. వచ్చినవారికి తీర్పు తీర్చకుండా, తొందరపడి సలహా ఇవ్వకుండా, మనసు పెట్టి వింటే వారే తమ దారి కనుక్కోగలరని ఆయన చూపించారు. 1960లలో ఆరన్ బెక్ అనే డాక్టరు, కృంగిపోయినవారి మనసులో తిరిగే ఆలోచనలను ఒక్కొక్కటిగా బయటికి తీసి అవి నిజమేనా అని పరీక్షించే పద్ధతిని రూపొందించారు. నేను ఎందుకూ పనికిరాను అనే ఆలోచన వస్తే, దానికి రుజువు ఏమిటి, దానికి ఎదురు రుజువు ఏమిటి అని రోగితో కలిసి చూస్తారు. మన పక్కనే వేలూరులో క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి రోగితో పాటు కుటుంబ సభ్యులను కూడా ఉంచుకుని, ఇంటివారికి కూడా నేర్పిస్తూ వైద్యం చేస్తోంది. పద్ధతులు వేరైనా అన్నిటికీ పునాది ఒకటే. ముందు వినాలి.

వినడం అంటే ఏమిటో బాయిలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పని మొదలుపెట్టే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో రూఫ్‌ను తట్టి శబ్దం వింటాడు. గట్టి శబ్దం వస్తే సరే. బోలు శబ్దం వస్తే ఆ చోట మనిషిని నిలబడనివ్వడు, ముందు సపోర్టు పెట్టిస్తాడు. ఆ రూఫ్‌ను చూసి నీకు విశ్వాసం తక్కువ అని గద్దించడు కదా.

ఆఖరి సంవత్సరం

1971 డిసెంబరులో, దాదాపు ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తడబడింది, నడక పోయింది. అరవై ఏళ్లకు పైగా వేదికల మీద నిలబడిన మనిషి కుర్చీకి పరిమితమయ్యారు. తాను ఇన్నాళ్లూ ఇతరులకు చెప్పింది తన మీద పనిచేస్తుందా లేదా అన్నది ఇప్పుడు ఆయనకే పరీక్ష. ఆయన చికిత్స తీసుకున్నారు, వ్యాయామాలు చేశారు, ప్రార్థించారు. 1972లో యెరూషలేములో జరిగిన ఆశ్రమ మహాసభలో చక్రాల కుర్చీలో కూర్చుని మాట్లాడారు. తడబడే మాటలతోనే ఇంకో పుస్తకం చెప్పి రాయించారు. 1973 జనవరి 25న బరేలీలో కన్నుమూశారు. కాళ్లకు పూర్తి స్వస్థత రాలేదు. దేవుని మీద నమ్మకం పోలేదు. లక్నోలో లేపిన దేవుడే బరేలీలో కూడా తనతో ఉన్నాడని ఆయన నమ్మారు.

మన సంఘాలు నేర్చుకోవలసింది

రామగుండం ప్రాంతపు జీవితం మనసు మీద ఎంత బరువు వేస్తుందో మనకు తెలుసు. వారం వారం మారే షిఫ్టులతో నిద్ర చెదిరిపోతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పగలు ఇరుకు క్వార్టరులో కునుకు తీయలేరు. గనిలో తోటి కార్మికుని మరణం చూసినవారు మరునాడే మస్టరు కోసం అదే బాయికి వెళ్తారు. ఓపెన్‌కాస్టు కోసం ఊరు ఖాళీ చేసినవారికి పరిహారం వచ్చినా ఊరు రాదు. రిటైరై క్వార్టరు వదిలినవారికి ఒక్కసారిగా చేతిలో పని, చుట్టూ మనుషులు రెండూ పోతాయి. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడినప్పుడు ఎన్ని ఇళ్లలో దీపం మసకబారిందో పెద్దలకు గుర్తుంది. ఇలాంటి చోట్ల కొందరు మందుకు అలవాటు పడతారు. దాన్ని పాపమని గద్దించడం మనకు తెలుసు. దాని వెనుక ఏమి నొప్పి ఉందో అడగడం అంతగా తెలియదు.

ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవుడు ఏం చేశాడో మనం చదివాం. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రెండుసార్లు తిండి, నీళ్లు ఇప్పించాడు. తరువాత ఇక్కడ నీకేమి పని అని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ అతని మొర విన్నాడు. ఆ తరువాతే పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను కూడా ఇచ్చాడు. మందలించి మొదలుపెట్టలేదు. ఈ వరుస మన పరిచర్యలో ఉందా?

కొన్ని సంగతులు ఈ వారమే మొదలుపెట్టవచ్చు. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలను ప్రార్థన జరిగిందన్న కారణంతో మానిపించకూడదు. మాత్రలు ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టరు నిర్ణయించాలి. షుగరు మాత్ర వేసుకునే విశ్వాసిని మనం అవిశ్వాసి అనడం లేదు. మనసుకు మాత్ర వేసుకునేవారిని కూడా అనకూడదు. రోగిని కట్టేసి ప్రార్థించడం, కొట్టడం ప్రేమ కాదు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది.

ఒకరు ఏకాంతంగా చెప్పుకున్న బాధ మరుసటి ఆదివారం సాక్ష్యంలోనో, గృహ ప్రార్థనలోనో బయటపడితే ఆ మనిషి ఇంకెప్పుడూ నోరు తెరవదు. రహస్యం కాపాడటం కౌన్సెలింగ్‌లో మొదటి నియమం, సంఘ పెద్దలకు కూడా అదే నియమం. స్త్రీలు తమ బాధను చెప్పుకునేది ఎక్కువగా పాస్టరమ్మగారితోనే. కాబట్టి వినే పద్ధతిలో శిక్షణ పాస్టరుగారితో పాటు ఆమెకూ ఇప్పించాలి.

బతకాలని లేదని ఎవరైనా అంటే నవ్వి తోసివేయవద్దు, వాక్యం చెప్పి పంపేయవద్దు. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. వారిని ఒంటరిగా విడిచిపెట్టకండి, ఇంటివారిని తోడు ఉంచండి, డాక్టరు దగ్గరకు మీరే వెంట వెళ్లండి. ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును సంఘం నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి.

చివరిగా, మన కాపరుల సంగతి. ఓడలో వాక్యం చెబుతూ కూలిపోయినది ఒక సేవకుడే. ఉపవాసాలు, రాత్రి ప్రార్థనలు, సమాధి కూటాలు, కుటుంబ తగాదాల మధ్య తిరిగే పాస్టరుగారికి వారంలో ఒక్క రోజైనా విశ్రాంతి దొరుకుతోందా అని పెద్దలు అడగాలి. అలసిపోయానని ఆయన చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని కూడా అడగాలి.

స్టాన్లీ జోన్స్ గారు తనకు కలిగిన స్వస్థతను అందరి మీదా కొలబద్దగా పెట్టలేదు. తనను దేవుడు ఒక రాత్రిలో లేపినట్టే ప్రతివారినీ ఒక రాత్రిలో లేపాలని శాసించలేదు. కొందరిని దేవుడు ప్రార్థన గదిలో లేపుతాడు, కొందరిని డాక్టరు చేతితో, కొందరిని ఓపికగా వినే తోటి విశ్వాసి పక్కన, నెలలు పట్టే చికిత్సలో లేపుతాడు. లేపేవాడు ఒక్కడే. మన సంఘాల్లో కూర్చున్న ప్రతి కృంగిన మనసు నోరు తెరిచి చెప్పుకోగలిగేలా, చెప్పినప్పుడు మనం వినగలిగేలా ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.